దూరం మారుతోందా?



విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో సాయంత్రం ఎండ దిగాక ఎటు చూసినా కెమెరాలే. ఫోన్ల సంగతి సరే. మెడలో పెద్ద కెమెరా వేసుకున్న కాలేజీ కుర్రాళ్లు, పెళ్లికి ముందే ఫోటోలు దిగడానికి వచ్చిన జంటలు, వాళ్ల మీదకి వెలుగు తిప్పడానికి రిఫ్లెక్టర్ పట్టుకుని ఇసకలో పరిగెత్తే అసిస్టెంట్లు. తీసిన ఫోటోని అక్కడికక్కడే పెద్దది చేసి చూసుకుని మొహం చిన్నబుచ్చుకునేవాళ్లూ వాళ్లలోనే ఉంటారు. "షార్ప్‌గా రాలేదండీ, లెన్స్ మార్చాలేమో" అంటారు. లెన్స్ మార్చడమంటే వేలతో పని. చాలాసార్లు లోపం లెన్సులో ఉండదు, ఆటోఫోకస్‌ని ఏ మోడ్‌లో పెట్టామో చూసుకోకపోవడంలో ఉంటుంది. ఆ మోడ్‌ల గురించే ఈ పూట నాలుగు మాటలు. కెమెరా ఉంటే పక్కన పెట్టుకుని వినండి. లేకపోయినా ఫరవాలేదు, మధ్యలో ఒకచోట మీ బొటనవేలు మాత్రం కావాలి.

షటర్ బటన్‌ని సగం నొక్కితే లెన్స్ ఫోకస్ చేసుకుంటుంది, పూర్తిగా నొక్కితే ఫోటో పడుతుంది. ఆ సగం నొక్కి పట్టుకున్నంతసేపూ కెమెరా ఏం చెయ్యాలో చెప్పేదే మోడ్. మొదటి మోడ్‌లో కెమెరా ఒక్కసారి దూరం చూసుకుని లెన్స్‌ని అక్కడ బిగించేస్తుంది. మీరు వేలు తీసేదాకా ఇక కదపదు. కెనాన్ వాళ్లు దీన్ని వన్ షాట్ అంటారు, నికాన్, సోనీ వాళ్లు ఎ.ఎఫ్.ఎస్. అంటారు. రెండో మోడ్‌లో వేలు నొక్కి ఉన్నంతసేపూ దూరం చూస్తూనే ఉంటుంది, లెన్స్‌ని సర్దుతూనే ఉంటుంది. అది కెనాన్‌లో సర్వో, మిగతా రెండిట్లో ఎ.ఎఫ్.సి. ఇక మూడోది, ఈ రెండిట్లో ఏది కావాలో కెమెరాయే తేల్చుకునే మోడ్. దాని మీద నాకు పెద్ద గౌరవం లేదు, ఎందుకో తర్వాత చెబుతాను.

కదలనివాటికి మొదటిది, కదిలేవాటికి రెండోది అని అందరికీ నేర్పుతారు. కెమెరాతో వచ్చే పుస్తకంలోనూ అదే ఉంటుంది. నా పేచీ అంతా ఆ మాటతోనే. బీచ్‌లో నిలబడి చూడండి. రెండు కిలోమీటర్ల అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు, రేవులోకి వెళ్లడానికి ఓ సరుకు ఓడ అడ్డంగా సాగుతోంది. కదులుతోందా? కదులుతోంది. కానీ మీకూ దానికీ మధ్య దూరంలో లెన్స్ పట్టించుకోవలసినంత మార్పు లేదు. మొదటి మోడ్‌లో పెట్టి తాపీగా తీసుకోవచ్చు. ఇప్పుడు ఆ ఓడకి ముందు, కెరటాల్లోంచి మీ పాప మీ వైపే పరిగెత్తుకొస్తోంది. సెకనుకి నాలుగు మీటర్ల చొప్పున వస్తోందనుకోండి. మీరు సగం నొక్కారు, లెన్స్ బిగిసింది. పాప నవ్వేదాకా ఓ అరసెకను ఆగి పూర్తిగా నొక్కారు. ఈలోగా పాప రెండు మీటర్లు ముందుకొచ్చేసింది. ఫోటోలో పాప వెనకాల ఇసక మాత్రం రేణువు రేణువూ కనిపిస్తుంది.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇది: నేను సగం నొక్కినప్పటికీ, ఫోటో పడేటప్పటికీ మధ్య, నాకూ దానికీ ఉన్న దూరం మారుతుందా?

ఎంత మారితే ప్రమాదం? ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి 200 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టి, ఎఫ్ 2.8 దగ్గర, 10 మీటర్ల దూరంలో ఉన్న మనిషికి ఫోకస్ చేస్తే ముందూ వెనకా కలిపి స్పష్టంగా వచ్చే లోతు సుమారు 40 సెంటీమీటర్లు. 85 మిల్లీమీటర్ల లెన్స్‌తో ఎఫ్ 1.8 దగ్గర, రెండు మీటర్ల నుంచి మొహం తీస్తే ఆ లోతు 6 సెంటీమీటర్లే. మొహం కాస్త పక్కకి తిప్పి ఉంటే ఒక కన్ను స్పష్టంగా, రెండో కన్ను మసగ్గా వచ్చేది ఇందుకే. ఇంకో చిక్కు కూడా ఉంది. అంత దగ్గర నుంచి తీసేటప్పుడు పెళ్లికూతురు బొమ్మలా కూర్చున్నా, చేతిలో కెమెరాతో వంగి నిలబడ్డ మీరు బొమ్మలా ఉండలేరు. ఓ మూడు, నాలుగు సెంటీమీటర్లు ముందుకో వెనక్కో ఊగుతారు. ఎదటివాళ్లు కదల్లేదు, దూరం మారిపోయింది. పుస్తకంలో చెప్పిన సూత్రం ఇక్కడ కూడా తప్పుతుంది.

పెళ్లి మాట ఎలాగూ వచ్చింది కాబట్టి తలంబ్రాల ఘట్టం చూద్దాం. విశాఖలో కెమెరాతో బతికేవాళ్లలో ఎక్కువమందికి అన్నం పెట్టేది కల్యాణ మండపాలే. వధూవరులు పీటల మీద ఎదురెదురుగా కూర్చుంటారు. దోసిళ్లు లేస్తున్నాయి, బియ్యం ఎగురుతున్నాయి, ముత్యాలు, పూలరేకులు, ఈమధ్య రంగురంగుల థర్మోకోల్ గుళ్లు కూడా. చుట్టూ చుట్టాలు పైన పడుతున్నారు. ఇంత కదలిక మరెక్కడా ఉండదు కాబట్టి కొత్త ఫోటోగ్రాఫర్ రెండో మోడ్ పెడతాడు, ఎక్కడ ఫోకస్ చెయ్యాలన్నది కూడా మొత్తం ఫ్రేముకి వదిలేస్తాడు. కెమెరా తనకి దగ్గరగా, స్పష్టంగా దొరికినదాన్ని పట్టుకుంటుంది. తీరా చూస్తే గాల్లో ఉన్న బియ్యపు గింజలు లెక్కపెట్టుకోవచ్చు, పెళ్లికూతురు మాత్రం మబ్బులో ఉంటుంది. నిజానికి ఆ గందరగోళంలో మారనిది ఒకటే, ఫోటోగ్రాఫర్‌కీ ఆ మొహాలకీ మధ్య దూరం. మొదటి మోడ్ పెట్టి, నుదుట కట్టిన బాసికం అంచు మీద ఫోకస్ చేసి, వేలు సగంలోనే పట్టుకుని, తను నిలబడ్డ చోటు నుంచి కదలకుండా ఉంటే చాలు. తర్వాత ఎన్ని దోసిళ్లు పోసుకున్నా కెమెరా గింజల వెంట పోదు. బాసికమే ఎందుకంటే, దాని అంచు నుదుటి రంగు మీద గట్టిగా తెలుస్తుంది, బుగ్గ మీద అలాంటి గీత ఉండదు.

అదే పెళ్లిలో మేనమామలు పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపం వైపు తెస్తుంటే, ఆమె అందులో కదలకుండా తలొంచుకునే ఉంటుంది, కానీ గంప మాత్రం అడుగడుగునా మీ మీదకి వస్తోంది. అప్పుడు రెండో మోడ్.

సరే, అసలు కెమెరాకి దూరం ఎలా తెలుస్తుంది? రెండు దారులున్నాయి. మొదటిది మన పాత రేడియోలో స్టేషన్ పట్టుకోవడం లాంటిది. నాబ్ తిప్పుతాం, మాట తేటపడుతుంది, ఇంకా తిప్పితే మళ్లీ గరగర మొదలవుతుంది, దాటిపోయామని తెలిసి వెనక్కి తిప్పుతాం. కెమెరా కూడా లెన్స్‌ని జరుపుతూ బొమ్మలో వెలుగు చీకట్ల తేడా ఎక్కడ అన్నిటికంటే ఎక్కువగా ఉందో వెతుక్కుంటుంది. ఈ దారిలో వచ్చే ఫలితం కచ్చితమైనదే, కానీ శిఖరం దాటాక గానీ అది శిఖరమని తెలియదు. లెన్స్ జుయ్ జుయ్‌మంటూ ముందుకీ వెనక్కీ కొట్టుకునేది అందుకే.

రెండో దారికి మీ బొటనవేలు కావాలి. చెయ్యి చాచి వేలు నిలబెట్టండి. ఓ కన్ను మూసి చూడండి, తర్వాత అది తెరిచి రెండోది మూయండి. వేలు ఎదురుగోడ మీద పక్కకి గెంతినట్టు ఉంటుంది. వేలు మొహానికి దగ్గరగా తెచ్చి మళ్లీ చూస్తే ఇంకా ఎక్కువ గెంతుతుంది. ఎంత గెంతిందన్నదాన్ని బట్టి ఎంత దూరమో లెక్క కట్టొచ్చు. కెమెరా కూడా లెన్స్ ఎడమ భాగంలోంచి వచ్చిన వెలుగునీ, కుడి భాగంలోంచి వచ్చిన వెలుగునీ విడివిడిగా చూసి, రెండు బొమ్మల మధ్య ఎడం కొలుస్తుంది. లెన్స్ ఎటు జరగాలో, ఎంత జరగాలో ఒక్క చూపులోనే తెలిసిపోతుంది. దీన్నే ఫేజ్ డిటెక్షన్ అంటారు. అద్దం ఉన్న డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాల్లో దీనికి వేరే సెన్సర్ ఉండేది. 2013లో వచ్చిన కెనాన్ 70డి నాటికి బొమ్మ పడే సెన్సర్ మీదే ఒక్కో పిక్సెల్‌ని రెండుగా విడదీసి ఈ పని చేయించారు. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావరకు ఈ కొలత అసలు సెన్సర్ మీదే జరుగుతుంది.

వేలు దించకముందే ఇంకో పరీక్ష. ఎదురుగా అడ్డంగా కట్టిన బట్టల తాడు ఉంటే దాన్ని అలాగే ఒక కంటితో, తర్వాత రెండో కంటితో చూడండి. తాడు గెంతదు. గెంతినా తెలియదు, ఎందుకంటే అది జరిగేదీ తన పొడుగు వెంటే. విశాఖలో ఫోటోలు తీసేవాళ్లకి ఇది రోజూ ఎదురయ్యే ఇబ్బంది. సముద్రం మీద ఆకాశం ఆనే గీత అచ్చంగా అలాంటి అడ్డగీతే. నిలువు గీతలకే స్పందించే ఫోకస్ పాయింట్లు చాలా కెమెరాల్లో ఉన్నాయి. వాటిని ఆ గీత మీద పెడితే లెన్స్ కొట్టుకుంటూనే ఉంటుంది. కెమెరాని ఓసారి నిలువుగా తిప్పి ఫోకస్ చేసి, వేలు పట్టుకునే ఉండి మళ్లీ అడ్డంగా తిప్పుకోండి. లేదంటే డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ ఉంది కదా, దాని నిలువు అంచు మీద ఫోకస్ చేసుకోండి. అంత దూరం వెళ్లాక లెన్స్‌కి కొండ, ఓడ, ఆకాశం అన్నీ ఒక లెక్కే. మబ్బు లేని ఆకాశం మీద మాత్రం ఏ కెమెరానీ ఫోకస్ చెయ్యమని అడక్కండి, అక్కడ పట్టుకోవడానికి గీతంటూ ఏదీ లేదు.

దూరం కొలిచే ఈ పనిని మనుషులు చేసిన కాలం మన తీరం మీదే గడిచింది. కె. బాలచందర్ 'మరో చరిత్ర' సినిమాలో ఎక్కువ భాగం విశాఖలో, భీమిలి ఒడ్డున తీశారు, 1978లో విడుదలైంది. కెమెరా బి.ఎస్. లోకనాథ్‌ది. ఆ రోజుల సినిమా యూనిట్లలో కెమెరామన్ పక్కన ఫోకస్ పుల్లర్ అని ఒకాయన ఉండేవాడు. కెమెరా నుంచి నటుడి కంటి దాకా టేపు పట్టి కొలిచి, నేల మీద గుర్తులు పెట్టుకుని, నటులు నడిచొస్తుంటే లెన్స్ రింగుని వాళ్ల అడుగుకి తగ్గట్టు తిప్పేవాడు. అడుగు పడ్డాక తిప్పితే ఆలస్యమైపోతుంది, పడబోయే చోటు ముందే పసిగట్టాలి. సినిమాల్లో ఇప్పటికీ ఆ ఉద్యోగం పోలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే, 1977లో, జపాన్‌లో కోనికా కంపెనీ సి35 ఎ.ఎఫ్. అనే చిన్న కెమెరా తెచ్చింది. సామాన్యులు కొనుక్కోగలిగిన మొదటి ఆటోఫోకస్ కెమెరా అది, లోపల ఉన్న మాడ్యూల్ అమెరికా కంపెనీ హనీవెల్‌ది. 1985లో మినోల్టా 7000 వచ్చింది. దూరం చూసే సెన్సర్నీ, లెన్స్ తిప్పే మోటారునీ కెమెరా ఒంట్లోనే పెట్టి మెప్పించిన ఎస్.ఎల్.ఆర్. అది. మా పేటెంట్లు వాడుకున్నారని హనీవెల్ మినోల్టా మీద దావా వేసింది. 1992లో ఆ గొడవ అమెరికా జ్యూరీ తీర్పు దాకా వెళ్లి, చివరికి మినోల్టా 12 కోట్ల 75 లక్షల డాలర్లు కట్టి బయటపడింది. తర్వాత మరికొన్ని కెమెరా కంపెనీలూ హనీవెల్‌కి డబ్బు చెల్లించాయి. సగం నొక్కిన బటన్ వెనకాల ఇంత కథ ఉంది.

ఫోకస్ పుల్లర్ చేసే ఆ పసిగట్టడాన్నే రెండో మోడ్ లెక్కలతో చేస్తుంది. వరసగా కొన్నిసార్లు దూరం చూసి, ఎంత వేగంతో మారుతోందో లెక్కగట్టి, షటర్ తెరుచుకునే క్షణానికి మనిషి ఎక్కడ ఉంటాడో అక్కడికి లెన్స్‌ని ముందే పంపిస్తుంది. డి.ఎస్.ఎల్.ఆర్.లో అయితే అద్దం పైకి లేచిన క్షణంలో ఫోకస్ సెన్సర్‌కి చూపే ఉండదు, ఆ కాస్త సేపూ ఈ అంచనాయే దిక్కు. అందువల్ల రెండో మోడ్ పెట్టుకుని, బొమ్మ కనిపించగానే గబుక్కున మొత్తం నొక్కేస్తే ప్రయోజనం ఉండదు. లెక్కకి ముడిసరుకు కావాలి. ఓ అరసెకను ముందు నుంచీ సగం నొక్కి వెంబడించండి.

2005 ఏప్రిల్ 5న మధురవాడ స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 148 పరుగులు కొట్టిన మ్యాచ్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటి మ్యాచ్‌లో బౌండరీ దగ్గర కూర్చున్న ఫోటోగ్రాఫర్ గురించి ఆలోచించండి. క్రీజులో ఉన్న బ్యాట్స్‌మన్ ఎంత విరుచుకుపడ్డా దూరం మారదు. పరుగు తియ్యడం మొదలెడితే మారుతుంది. బంతి బంతికీ మోడ్ మార్చుకుంటూ కూర్చుంటే ఆట అయిపోతుంది. దానికి వాళ్లు కనిపెట్టుకున్న ఉపాయం, ఫోకస్ పనిని షటర్ బటన్ నుంచి తీసేసి కెమెరా వెనక బొటనవేలి దగ్గరున్న బటన్‌కి అప్పగించడం. మోడ్ ఎప్పుడూ రెండోదే. బ్యాట్స్‌మన్ నిలబడి ఉన్నప్పుడు వేలితో ఓసారి నొక్కి వదిలేస్తే లెన్స్ అక్కడే ఆగిపోతుంది, అంటే మొదటి మోడ్ అయినట్టే. పరుగెత్తాడా, నొక్కి పట్టుకుంటారు. రెండు మోడ్‌లూ ఒక్క బొటనవేలి కింద ఉంటాయి. అలవాటయ్యేదాకా చిరాకు పెడుతుంది, తర్వాత వదలబుద్ధి కాదు.

దూరం ప్రశ్న తేలాక ఎక్కడ అన్న ప్రశ్న మిగులుతుంది. నేవీ డే విన్యాసాల్లో హెలికాప్టర్లు బీచ్ మీదకి వస్తుంటే, వెనక ఖాళీ ఆకాశమే ఉన్నంతసేపూ ఫోకస్ ప్రాంతాన్ని వెడల్పుగా వదిలెయ్యొచ్చు. పట్టుకోవడానికి అక్కడ ఇంకేమీ లేదు. అదే హెలికాప్టర్ కిందకి దిగి కొండకి అడ్డంగా సాగిందంటే, వెడల్పు ప్రాంతం చెట్లనీ ఇళ్లనీ పట్టుకుంటుంది. వెంటనే చిన్న గుంపుకో, ఒక్క పాయింట్‌కో కుదించుకోవాలి. ఫిషింగ్ హార్బర్‌లో పొద్దున్నే చేపల కోసం వాలే గద్దల్ని, కొంగల్ని తీసేవాళ్ల బాధ ఇంకోటి. గద్ద వెంట కెమెరా తిప్పుతుంటే మధ్యలో బోటు స్తంభమో వలతాడో అడ్డొస్తుంది, ఫోకస్ దాని మీదకి గెంతేస్తుంది. కెమెరా మెనూలో ట్రాకింగ్ సెన్సిటివిటీ అని ఓ సర్దుబాటు ఉంటుంది. దాన్ని తగ్గిస్తే, ఏదైనా క్షణకాలం అడ్డొచ్చినా కెమెరా తొందరపడకుండా గద్ద మళ్లీ కనిపించేదాకా ఓపిక పడుతుంది. ఆ మెనూ తెరిచి చూసేవాళ్లు తక్కువ.

కొత్త కెమెరాలు మనిషి కన్నునీ, పక్షినీ, రైలునీ, విమానాన్నీ వాటంతటవే గుర్తుపడతాయి. మంచిదే. మూడు, నాలుగు సెంటీమీటర్లు ఊగే మన ఒంటికి, ఆరు సెంటీమీటర్ల లోతుకి అది పెద్ద ఊరట, రెండో మోడ్‌లో కంటి గుర్తింపు పెట్టుకుని పెళ్లంతా తీసేవాళ్లతో నేను వాదన పెట్టుకోను. కాకపోతే ఇద్దరి కళ్లూ కనిపించినప్పుడు ఎవరివి కావాలో చెప్పాల్సింది మనమే. దోసిలి నిండా బియ్యం అడ్డొచ్చినప్పుడు కన్నూ దొరకదు.

ఇందాక వాయిదా వేసిన మూడో మోడ్ సంగతి. అది మొదటి మోడ్‌లా మొదలై, ఏదో కదిలిందని అనుమానం రాగానే రెండోదిగా మారిపోతుంది. మీరు మొహం మీద ఫోకస్ బిగించి, సముద్రం కూడా పడాలని కెమెరాని కాస్త పక్కకి తిప్పారనుకోండి. మీరు ఫ్రేము సర్దుకుంటున్నారో, మనిషి నడిచిపోయాడో దానికి తెలియదు. మనిషే పోయాడనుకుని వెనకున్న బండరాయికి ఫోకస్ మార్చేయొచ్చు. ఏది మారుతుందో మీకు తెలిసినప్పుడు తెలియనివాడిని ఎందుకు అడగాలి?

ఫోన్ వాడేవాళ్లకి ఈ బెడద తక్కువ. లెన్స్ చిన్నది, లోతు ఎక్కువ, కొంచెం అటూ ఇటూ అయినా చెల్లిపోతుంది. తెర మీద కావలసిన చోట వేలితో తట్టడమే మీ ఫోకస్ పాయింట్. చాలా ఫోన్లలో వేలు కాసేపు అదిమి పట్టుకుంటే ఫోకస్ బిగుసుకుంటుంది, తలంబ్రాలప్పుడు అది చెయ్యండి. పువ్వుకి అంగుళం దూరంలో ఫోన్ పెట్టి మసకగా వచ్చిందంటే మాత్రం తప్పు మోడ్‌ది కాదు. అంత దగ్గరికి ఆ లెన్స్ ఫోకస్ కాదు, ఓ జానెడు వెనక్కి జరగండి.

ఒకటి మనలాంటి తీరం ఊళ్లకి ప్రత్యేకం. ఏసీ గదిలోంచి, ఏసీ కారులోంచి దిగి నేరుగా బీచ్‌లో కెమెరా తీస్తే చల్లటి లెన్స్ మీద తేమ కమ్ముతుంది. ఆ పొగలోంచి వెలుగు చీకట్ల తేడా దొరక్క ఏ మోడ్‌లోనైనా ఫోకస్ తడబడుతుంది. కెమెరాని సంచిలోనే ఉంచి ఓ అరగంట బయటి గాలికి అలవాటు పడనివ్వండి. ముందు అద్దం మీద ఉప్పుతుంపర ఆరి పొరకట్టినా ఇదే తంతు. అలాగే, నేవీ ప్రాంతాలు, రేవు లోపల, ఉక్కు కర్మాగారం లోపల అనుమతి లేకుండా కెమెరా తియ్యకూడదు. బోర్డులు ఉంటాయి, చదవండి.

ఈ ఆదివారం బీచ్ రోడ్డు పక్కన ఫుట్‌పాత్ మీద నిలబడి సిటీ బస్సులు తియ్యండి. ఎదురుగా అడ్డంగా వెళ్లే బస్సు కొన్ని, దూరం నుంచి మీ వైపు వచ్చే బస్సు కొన్ని, రెండూ రెండు మోడ్‌లలోనూ. షటర్ వేగం సెకనులో వెయ్యో వంతు దగ్గర పెట్టుకోండి, లేకపోతే కదలికతో చెరిగిపోయినదానికీ ఫోకస్ తప్పినదానికీ తేడా తెలియదు. ఇంటికెళ్లి కంప్యూటర్ మీద పెద్దవి చేసి, అడ్డంగా వెళ్లిన బస్సు పక్కన రాసిన అక్షరాలూ, ఎదురుగా వచ్చిన బస్సు నంబరు ప్లేటూ ఏ మోడ్‌లో చదవగలుగుతున్నారో చూడండి.